టమాటా ఎండు తెగులుకు యాంటీబయాటిక్ పోయడం దండగేనా?

కౌలు_టమాటా (మదనపల్లె దగ్గర)
ఎకరం టమాటా, నాటి 45 రోజులు. ఆకు పచ్చగా ఉండగానే మధ్యాహ్నానికి తల వాల్చేస్తోంది, మూడో రోజుకు మొక్క పోతోంది. అదీ కాలువ నీళ్లు పారిన వైపే ఎక్కువ. షాపులో స్ట్రెప్టోమైసిన్ పొడి, కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లలో పోయమన్నారు. ఒకసారి పోశా, మళ్లీ పోయమంటున్నారు. పోయనా?

పాత_కాపు
పొయ్యి తమ్ముడూ. నేను పోసిన వరసలు నిలబడ్డాయి. మాటలు చెప్పేవాళ్లకేం, పంట పోయేది మనది.

మొక్కల_డాక్టరు
అన్నా, నువ్వు మందు పోసిన వారం ముసురు పట్టి చల్లబడిందేమో? ఈ బాక్టీరియా వేడికి రెచ్చిపోతుంది, చల్లబడితే తగ్గుతుంది. ఆ పేరు మందుకొచ్చి ఉంటుంది. ఈ ఎండు తెగులు తెచ్చే రాల్‌స్టోనియా అనే బాక్టీరియా ఉండేది వేరు లోపల, నీళ్లు పైకెక్కే నాళాల్లో. మొదళ్లలో పోసిన స్ట్రెప్టోమైసిన్ చాలావరకు బంకమట్టికే అంటుకుపోతుంది. పైగా అది మనుషులకు క్షయ వ్యాధిలో వాడే మందు. సేద్యంలో దీని వాడకం 2024 జనవరి 1 నుంచి ఆపేయాలని కేంద్రం 2021 డిసెంబర్‌లోనే ముసాయిదా ఉత్తర్వు తెచ్చింది.

కౌలు తమ్ముడూ, ముందు అది ఏ తెగులో చూసుకో. వాలిన మొక్క కాండాన్ని మొదలు దగ్గర కోసి, గాజు గ్లాసులో నీళ్లు పోసి, కోసిన కొస మునిగేలా పట్టుకో. కదిలించకు. కాసేపటికి పాలధారలా తెల్లటి దారం కిందికి జారితే బాక్టీరియానే. అలా రాకుండా, కింది ఆకులు ముందు పసుపెక్కుతూ వచ్చి ఉంటే ఫ్యుజేరియం బూజు కావచ్చు. దానికైతే ఈ యాంటీబయాటిక్ అసలే పనిచేయదు.

పాత_కాపు
సరే, మందు వద్దు. మరి ఏం చేయాలో చెప్పు. ట్రైకోడెర్మా అనకు, విని విని విసుగొచ్చింది.

మొక్కల_డాక్టరు
అననులే. అది మేలు చేసే బూజు, ఎక్కువగా బూజు తెగుళ్లకు వాడేది. ఉన్న పంటకైతే చచ్చిన మొక్కను వేరుమట్టితో పీకి కాల్చెయ్, ఆ గుంతలో బ్లీచింగ్ పొడి వెయ్, కాలువ నీళ్లు ఆ వరస నుంచి పక్కకు పారనివ్వకు. వచ్చే పంటకు అర్క రక్షక్ లాంటి తట్టుకునే రకమో, తెగులు తట్టుకునే వేరు మీద టమాటా కట్టిన అంటు నారో.

అంటు_నారు_బాధితుడు
అంటు నారు సంగతి నన్నడుగు. మామూలు నారు రూపాయి చిల్లరైతే ఉస్తి (వంగ జాతి అడవి మొక్క) వేరు మీద కట్టింది పది దాకా పడింది. మట్టి ఎగదోసేటప్పుడు కూలీలు అంటు దాకా పూడ్చేశారు. పైన టమాటా కాండం నుంచి కొత్త వేర్లు దిగి తెగులు వాటి గుండా ఎక్కింది. తప్పు నారుది కాదు, నేను పక్కన లేను.

విత్తనాల_వీరన్న
ఇన్ని తంటాలెందుకు? ఒక ఏడాది వరో మొక్కజొన్నో వేస్తే పోలా? టమాటా తర్వాత మిరప, తర్వాత వంగ అంటూ తిప్పితే బాక్టీరియాకు పండగే. అన్నీ ఒకే కుటుంబం.

కౌలు_టమాటా
అన్నా, వరికి మా బోరులో నీళ్లెక్కడివి? ఇక మొక్కజొన్నంటారా, భూమి నాది కాదు, టమాటా లెక్కన కౌలు కడుతున్నా. వచ్చే ఏడు ఇదే మడి నాకిస్తారో లేదో. ఇక్కడ భూమి బాగుచేస్తే తినేది ఇంకొకడు.

పాత_కాపు
అదీ మాట. అందుకే రైతు పొట్లం కొంటాడు.

కౌలు_టమాటా
గ్లాసులో పెట్టా అన్నా. కాఫీలో పాలు పోసినట్టు తెల్లటి దారం దిగింది. రెండో పొట్లం చింపలేదు, తిరిగి తీసుకుంటాడేమో షాపులో అడుగుతా.