తగాదా తీర్చెటోడు లేడు, తమాషా చూసెటోళ్లే అందరు

మొన్న ఆదివారం సంతలో టమాటాల బేరం దగ్గర ఇద్దరు చొక్కాలు పట్టుకున్నారు. చుట్టూ జనం మూగారు. పక్కన ఆకుకూరల అవ్వ కట్టల మీద నీళ్లు చిలకరిస్తూ, తలెత్తకుండానే అన్న మాట పైన రాశాను. తగాదా, తమాషా రెండూ అరబీలో పుట్టి, పారసీ మీదుగా ఒకే అచ్చులో మన దాకా వచ్చిన మాటలు.

అరబీలో 'మషా' అంటే నడిచాడు. దాన్నుంచే 'తమాషీ', అంటే కలిసి నడవడం. ఇలా 'ఈ'తో ముగిసే కొన్ని క్రియానామాలను పారసీ వాళ్లు 'ఆ'తో ముగించారు: తమన్నీ తమన్నా అయింది, తమాషీ తమాషా అయింది. నలుగురు కలిసి నడిస్తే షికారు, షికారుకెళ్తే చూడ్డం. చివరికి నడక పోయి చూపే మిగిలింది. ఇప్పుడు ఇరాన్‌లో 'తమాషా కర్దన్' అంటే ఉత్త చూడటమే, టీవీ చూసినా అదే మాట. అందులో వేళాకోళం లేదు.

13వ శతాబ్దపు షీరాజ్ కవి సాదీ గజల్ ఒకదానిలో ఈ రెండర్థాలూ ఒక్క ద్విపదలోనే దొరుకుతాయి. ఊరి బయటికి షికారు వెళ్తున్న ప్రియురాలితో అంటాడు: తమాషా చేయాలంటే నిన్నే చూసుకో, ఇంతకన్నా మంచి తమాషాకు ఎప్పుడు వెళ్తావు? మొదటిది చూపు, రెండోది షికారు. ఆఖరి ద్విపదలో, సాదీ కళ్లూ మనసూ నీ వెంటే ఉన్నాయి, ఒంటరిగా వెళ్తున్నాననుకోకు అంటాడు. అది చదివినప్పుడల్లా నాకు ఆ పాత అరబీ 'కలిసి నడవడం' వినిపిస్తుంది.

మన దగ్గర తమాషా అంటే వింత, సరదా, పరాచికం. "తమాషాకన్నాలే" అంటాం. అవ్వ మాటలో మాత్రం అది చూడదగ్గ దృశ్యం, పారసీకి చాలా దగ్గర.

ఇక తగాదా. అరబీ 'తఖాదీ' అంటే రావాల్సింది ఇమ్మని అడగడం. పారసీలో తకాజా. మరాఠీలో తగాదా అంటే ఇప్పటికీ బాకీ కోసం వెంటపడటమే (బాకీ కూడా అరబీ మాటే). తెలుగులో పోట్లాట అయింది. అప్పు అడిగిన చోట గొడవ పుట్టడం మనకు కొత్తేం కాదు కనుక అర్థం అలా జారిందని నా నమ్మకం.

నన్ను ఆపేసింది మాత్రం అవ్వ వాడిన క్రియ. తగాదాకు మూలమైన అరబీ ధాతువులోంచే ఖాజీ వచ్చింది, అంటే తీర్పు చెప్పేవాడు. అదే ధాతువుతో అరబీలో 'ఖదా' అంటే తీర్పు చెప్పాడు, అప్పు కట్టేశాడు అని కూడా. మనకేమో తీర్పు, అప్పు తీర్చడం, తగాదా తీర్చడం! అరబీ వాసన ఏమాత్రం లేని మన 'తీరు' ధాతువు కూడా ఆ రెండు పనులనీ ఒకే చోట కట్టింది.

మీ వైపు పెద్దవాళ్లు ఎవరైనా బాకీ అడగడాన్ని తగాదా అనడం విన్నారా? విని ఉంటే ఏ ఊళ్లోనో, ఏ వాక్యంలోనో రాయండి.