పార్శిల్ చేరిన తర్వాత పడిన అదనపు కొరియర్ చార్జీని కొనుగోలుదారు నుంచి అడగవచ్చా?

ప్రశ్న: కొయ్య విగ్రహాల అమ్మకందారు, తిరుపతి

సభ్యులందరికీ నమస్కారం. మేము ఏర్పేడు మండలం మాధవమాలలో శిల్పుల చేత చెక్కించిన కొయ్య విగ్రహాలను తిరుపతి నుంచి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాము. ఫొటోలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెడతాము, ఆర్డర్లు వాట్సాప్‌లో తీసుకుంటాము, సొమ్ము పేమెంట్ లింకు ద్వారా వస్తుంది. ఇటీవల హైదరాబాద్‌లో ఉండే ఒక అమ్మగారు రెండడుగుల వేంకటేశ్వరస్వామి విగ్రహం తీసుకున్నారు. విగ్రహం ధర 4,800 రూపాయలు, కొరియర్ ఖర్చు 450 రూపాయలు అని చెప్పి మొత్తం 5,250 రూపాయలు తీసుకున్నాము. ప్యాకింగుతో కలిపి తూకం 6.2 కిలోలు వచ్చింది కాబట్టి ఆ లెక్కనే బుక్ చేశాము.

విగ్రహం క్షేమంగా చేరింది. ఆ తర్వాత కొరియర్ సంస్థ తమ గోదాములో పెట్టెను మళ్లీ కొలిచామని, చార్జీ వేయవలసిన బరువు 16 కిలోలని చెప్పి, వారి దగ్గర మేము ముందుగా సొమ్ము వేసి ఉంచే వ్యాలెట్ నుంచి మరో 610 రూపాయలు కోసుకున్నది. ఆ రసీదు పంపి, కనీసం సగమైనా ఇవ్వమని అమ్మగారిని అడిగాము. ఆమె ఒప్పుకోలేదు సరికదా, ఒకసారి మొత్తం చెప్పి తీసుకున్న తర్వాత మళ్లీ అడగడం మోసమని అంటూ, తన కార్డు బ్యాంకులో మొత్తం 5,250 రూపాయలూ వెనక్కి ఇప్పించమని డిస్ప్యూట్ వేశారు. మా పేమెంట్ లింకును నడిపే పేమెంట్ గేట్‌వే సంస్థ వారు మమ్మల్ని ఆధారాలు పంపమంటున్నారు. మా లాభమంతా ఆ కొరియర్ చార్జీలోనే పోయింది. మేము అడిగినది న్యాయం కాదా? ఇప్పుడు ఏమి చేయాలి?

సమాధానం: మామిడి తాండ్ర, పచ్చళ్ల వ్యాపారి, చిత్తూరు

నమస్కారమండీ. మీ నష్టం నిజమే, కొరియర్ వారు కోసుకున్న పద్ధతి బాధ కలిగించేదే. అయినా ఆ 610 రూపాయలు కొనుగోలుదారు ఇవ్వవలసినవి కావని నా గట్టి అభిప్రాయం. రవాణా ఖర్చును అంచనా వేసినది మీరు, పెట్టె కొలతలు తెలిసినది మీకు, కొరియర్ సంస్థతో ఒప్పందం ఉన్నది మీకు. ఆమెకు తెలిసినదల్లా మీరు చెప్పిన 5,250 అనే అంకె ఒక్కటే. ఆ అంకె చూసే ఆమె కొనాలో వద్దో నిర్ణయించుకున్నారు.

చట్టం కూడా ఇంచుమించు ఇదే మాట చెబుతుంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద వచ్చిన 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం అమ్మకందారు మొత్తం ధరను ఒకే అంకెగా చూపాలి, అందులో డెలివరీ, పోస్టేజీ, ప్యాకింగ్ వంటి చార్జీలు, పన్ను ఎంతెంత అన్నది విడివిడిగా తెలపాలి. వాట్సాప్‌లో అమ్ముకునే చిన్నవాళ్లం, ఇవి మనకు వర్తించవులే అని చాలామంది అనుకుంటారు. ఎప్పుడో ఒకసారి ఇంట్లోని వస్తువు అమ్ముకునే వ్యక్తికి ఆ నియమాల నుంచి మినహాయింపు ఉంది గాని, క్రమం తప్పకుండా వ్యాపారంగా అమ్మేవారు ఆ మినహాయింపు మీద ఆధారపడడం ప్రమాదం. ఇక 2023 నవంబరులో వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు మొత్తం 13 రకాల మోసపు పోకడలను పేర్కొన్నాయి. ధరలో కొంత భాగాన్ని ముందు చెప్పకుండా ఆ తర్వాత బయటపెట్టే డ్రిప్ ప్రైసింగ్ అందులో ఒకటి. మీ ఉద్దేశం అది కాదని నాకు తెలుసు, కానీ ఫిర్యాదు దాకా పోతే అవతలివారు దానినే ఎత్తిచూపుతారు. ఆమె 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. కేసు వేయదలిస్తే తాను నివసించే చోటి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు కాబట్టి 610 రూపాయల కోసం మీరు హైదరాబాద్ చుట్టూ తిరగవలసి వస్తుంది.

అందువల్ల మొదట ఆమెకు ఈ రోజే ఒక సందేశం పంపండి. సంజాయిషీలు వద్దు, కొరియర్ వారి మీద నిందలు వద్దు. నేనైతే ఇలా రాస్తాను:

"అమ్మా, నమస్కారం. మీ ఆర్డరుకు మేము చెప్పిన మొత్తం 5,250 రూపాయలు, అది మాకు పూర్తిగా అందింది. కొరియర్ సంస్థ తర్వాత వేసిన చార్జీ మాకూ వారికీ సంబంధించినది, దానిని మీరు చెల్లించనవసరం లేదు. మేము అడిగిన మాటను వెనక్కి తీసుకుంటున్నాము. విగ్రహం మీకు సరిగా అందిందని, డబ్బు విషయంలో బకాయి ఏమీ లేదని ఒక్క మాట రాసి, బ్యాంకులో వేసిన డిస్ప్యూట్‌ను ఉపసంహరించుకోవలసిందిగా కోరుతున్నాము."

చాలా తగాదాలు ఈ సందేశంతోనే చల్లబడతాయి. ఆమెకు కోపం వచ్చింది విగ్రహం మీద కాదు, రెండోసారి డబ్బు అడిగినందుకు. ఆమె ఉపసంహరించినా, ఉపసంహరించకపోయినా గేట్‌వే వారు ఇచ్చిన గడువు దాటకుండా ఆధారాలు పంపాలి. బిల్లు, ఆర్డరు ఖాయమైన వాట్సాప్ సంభాషణ, ట్రాకింగ్ వివరాలు, డెలివరీ అయిన రుజువు, ఇప్పుడు పంపే ఈ సందేశం, ఇవన్నీ తేదీల వరుసలో ఒకే ఫైలుగా పంపండి. సరకు చేరింది, అదనంగా ఒక్క రూపాయి కూడా తీసుకోలేదు, అడిగినది కూడా మానుకున్నాము అని స్పష్టంగా కనబడితే మొత్తం సొమ్ము వెనక్కి ఇవ్వమనడానికి ఆమె పక్షాన బలమైన కారణం మిగలదు.

ఇక కొరియర్ సంస్థ సంగతి. 6.2 కిలోల పెట్టె 16 కిలోలు ఎలా అయిందో మీకు అర్థమైందా? పెట్టె కొలతలు రాయండి, లెక్క చూద్దాము.

ప్రశ్న: తిరుపతి

ధన్యవాదాలండీ. మీరు రాసినట్లే సందేశం పంపాము. పెట్టె 75 సెంటీమీటర్ల పొడవు, 35 వెడల్పు, 30 ఎత్తు. విగ్రహం చేతులు, శంఖచక్రాలు విరగకుండా చుట్టూ థర్మకోల్ ఎక్కువగా పెట్టాము.

సమాధానం: చిత్తూరు

అక్కడే ఉంది విషయం. కొరియర్ సంస్థలు నిజమైన తూకాన్నీ, పెట్టె ఆక్రమించే చోటును బట్టి కట్టే వాల్యూమెట్రిక్ బరువునూ పోల్చి, ఏది ఎక్కువైతే దానికి చార్జీ వేస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగించడం ఎక్కువ సంస్థల పద్ధతి. కొన్నింటి భాజకం వేరుగా ఉంటుంది, అది మీ ఒప్పందంలో చూసుకోవాలి. మీ పెట్టెకు 75ను 35తో, ఆ వచ్చినదానిని 30తో గుణిస్తే 78,750 వస్తుంది. దానిని 5,000తో భాగిస్తే 15.75 కిలోలు. పై కిలోకు సరిచేస్తే 16. కాబట్టి వారి లెక్క తప్పు కాదు, ఈ 610 రూపాయల మీద వారితో పోరాడి ప్రయోజనం లేదు.

అదే విగ్రహాన్ని 68, 28, 24 సెంటీమీటర్ల పెట్టెలో సర్దగలిగితే లెక్క 9.14 కిలోలకు దిగుతుంది. కొయ్య విగ్రహానికి నాలుగు వైపులా ఒకే మందంలో థర్మకోల్ అవసరం లేదు. చేతులు, కిరీటం, పీఠం అంచులు, ఈ చోట్ల గట్టి ఫోమ్ ముక్కలు కోసి బిగించి, తక్కిన చోట బబుల్ షీటు చుడితే చాలు. మీ విగ్రహాలు రెండు మూడు సైజుల్లోనే ఉంటాయి గనుక ఆ సైజులకు తగిన అట్టపెట్టెలు ముందే చేయించుకుని, ఒక్కొక్క పెట్టెకు వాల్యూమెట్రిక్ బరువు కట్టి, హైదరాబాద్‌కు ఎంత, చెన్నైకి ఎంత, ఢిల్లీకి ఎంత అన్న పట్టిక తయారుచేసుకోండి. ధర చెప్పేటప్పుడు ఆ పట్టికే చూడాలి, తూకం యంత్రం మాత్రమే చూసి చెప్పకూడదు. మారుమూల పిన్‌కోడ్‌లకు కొన్ని సంస్థలు ఓడీఏ (మామూలు డెలివరీ పరిధికి బయటి ప్రాంతం) అని వేరే చార్జీ వేస్తాయి, కాబట్టి ధర చెప్పడానికి ముందే పిన్‌కోడ్ అడగాలి.

వారి లెక్క నిజంగా తప్పయిన సందర్భాలు కూడా ఉంటాయి. అప్పుడు మన దగ్గర ఆధారం లేకపోతే నోరు మూసుకోవలసిందే. పెట్టె అతికించిన తర్వాత, చిరునామా లేబుల్ కనబడేటట్లు, మూడు వైపులా కొలత టేపు పెట్టి ఒక్కొక్క ఫొటో, తూకం యంత్రం మీద అంకె కనబడేటట్లు మరొక ఫొటో తీసి, ఆర్డరు నంబరు పేరుతో దాచుకోవాలి. బరువు తేడా మీద అభ్యంతరం చెప్పడానికి సంస్థలు కొద్ది రోజుల గడువే ఇస్తాయి. ఆ గడువు దాటిన తర్వాత ఎంత మంచి ఫొటో ఉన్నా వారు చూడరు, కాబట్టి వ్యాలెట్ చిట్టాను ప్రతి రోజూ తెరిచి చూసే అలవాటు ఉండాలి.

కొనుగోలుదారు నుంచి అదనంగా అడగడం న్యాయమయ్యే సందర్భం లేకపోలేదు. సొమ్ము కట్టిన తర్వాత ఆయన చిరునామా మార్చినా, అత్యవసరంగా విమానంలో పంపమన్నా, ఆ తేడా ఎంతో చెప్పి, రాతపూర్వకంగా ఒప్పించుకుని, పార్శిల్ కదలక ముందే తీసుకోవాలి. కదిలిన తర్వాత అడిగే హక్కు మనకు లేదనే భావించి వ్యాపారం చేయడం మేలు.

అనుబంధ ప్రశ్న: కలంకారీ చీరల అమ్మకందారు, శ్రీకాళహస్తి

మాకు ఎదురైనది దీనికి పూర్తిగా వ్యతిరేకమైన ఫిర్యాదు. పోస్టేజీ కింద 150 రూపాయలు తీసుకుని స్పీడ్ పోస్టులో చీర పంపాము. కవరు మీద తపాలా కార్యాలయం వారు అంటించిన లేబుల్‌లో అంతకన్నా తక్కువ మొత్తం ఉన్నదని, మిగిలినది వెనక్కి ఇవ్వమని కొనుగోలుదారు అడుగుతున్నారు. అట్టపెట్టె, నీళ్లు తగలకుండా వేసే కవరు, పోస్టాఫీసుకు ఆటో, ఇవన్నీ ఎవరు భరించాలి?

సమాధానం: చిత్తూరు

అమ్మా, ఆ ఖర్చులు న్యాయమైనవే, వాటికి పెట్టిన పేరే సరిగా లేదు. పోస్టేజీ అని రాస్తే కొనుగోలుదారు లేబుల్ మీది అంకెతోనే పోలుస్తారు, ఆ అంకె అందరికీ కనబడుతుంది. "ప్యాకింగ్ మరియు డెలివరీ 150 రూపాయలు" అని ముందే రాసి ఉంటే ఈ ప్రశ్నే పుట్టేది కాదు. ఈసారికి తేడాలో అట్టపెట్టె, కవరు ఖర్చు పోను మిగిలినది వెనక్కి పంపి, ఆ లెక్క కొనుగోలుదారుకు చూపించండి.

ఇంకొక సంగతి కూడా గమనించండి. 2025 అక్టోబరు 1 నుంచి స్పీడ్ పోస్టు చార్జీలు మారాయి, జీఎస్టీని విడిగా చూపుతున్నారు, ఓటీపీ చెప్పి అందుకునే డెలివరీ కోరుకుంటే దానికి వేరే చార్జీ ఉంది. పాత పట్టిక చూసి ధరలు చెప్పేవారు ఇంకా ఉన్నారు. తపాలా శాఖ వెబ్‌సైటులో బరువు, పిన్‌కోడ్ వేసి చూసిన తర్వాతే చెప్పండి. జీఎస్టీ నమోదు ఉన్నవారైతే, సరకుతో పాటు వసూలు చేసే ప్యాకింగ్, డెలివరీ చార్జీలు కూడా సరకు విలువలోకే వస్తాయని మరచిపోవద్దు.

అనుబంధ ప్రశ్న: తిరుపతి

చివరిగా ఒక సందేహం. డాలస్‌లో ఉన్న ఒకరు చిన్న విగ్రహం అడుగుతున్నారు. అక్కడ కస్టమ్స్ సుంకం పడితే ఎవరు కట్టాలి?

సమాధానం: ఎగుమతి పార్శిళ్లు పంపే సభ్యుడు, తిరుపతి

దీనికి నేను జవాబు చెబుతాను. మునుపు అమెరికాకు 800 డాలర్ల లోపు సరకు సుంకం లేకుండా వెళ్లేది. 2025 ఆగస్టు 29 నుంచి ఆ మినహాయింపు పోయింది. దానికి ముందే, ఆగస్టు 25 నుంచి మన తపాలా శాఖ అక్కడికి చాలా రకాల వస్తువుల బుకింగ్ ఆపివేసి, అక్టోబరు 15న మళ్లీ మొదలుపెట్టింది. అప్పుడు తెచ్చిన పద్ధతిలో సుంకాన్ని ఇక్కడే, బుకింగ్ సమయంలోనే కట్టించుకుంటారు. అంటే ఆ సొమ్ము మొదట మీ చేతి నుంచే పోతుంది. సుంకం శాతం ప్రభుత్వ నిర్ణయాలను బట్టి మారుతూ ఉంటుంది గనుక, కొనుగోలుదారుకు ధర చెప్పే రోజునే ప్రధాన తపాలా కార్యాలయంలో అడిగి తెలుసుకుని, విగ్రహం ధర, పోస్టేజీ, సుంకం మూడూ వేరువేరుగా రాసి, ఈ ధర ఫలానా తేదీ వరకే అని చేర్చండి.

కొన్ని ప్రైవేటు కొరియర్లలో సుంకం అక్కడ అందుకునేవారే కట్టే పద్ధతి కూడా ఉంటుంది. అలా పంపితే సుంకంతో పాటు కొరియర్ వారి సేవా రుసుము కూడా అడుగుతారని ముందే రాయాలి. అది తెలియక పార్శిల్ తీసుకోనని తిప్పి పంపితే తిరుగు ఖర్చు మీ మీద పడుతుంది, ఒక్కొక్కసారి అది విగ్రహం ధరను మించిపోతుంది. ఆయన నుంచి "సుంకం నేనే కడతాను" అన్న మాట రాతలో వచ్చిన తర్వాతే పెట్టె కట్టండి. విలువ తక్కువ చేసి, కానుక అని రాసి పంపమని కొందరు బంధువుల్లాగా అడుగుతారు. దయచేసి ఒప్పుకోవద్దు. సరకు వివరాలు, విలువ తెలిపే కస్టమ్స్ డిక్లరేషన్ మీద సంతకం మీది.

ప్రశ్న: తిరుపతి

ఇద్దరికీ కృతజ్ఞతలు. హైదరాబాద్ అమ్మగారు ఇప్పుడే జవాబు పంపారు. విగ్రహం బాగుందని, డిస్ప్యూట్ వెనక్కి తీసుకుంటామని రాశారు.

సమాధానం: చిత్తూరు

సంతోషమండీ. ఆమె రాసిన ఆ సందేశాన్ని కూడా గేట్‌వేకు పంపే ఫైలులో చేర్చండి. బ్యాంకులో కేసు మూసినట్లు అక్కడి నుంచి నిర్ధారణ వచ్చేదాకా గడువు తేదీని మాత్రం వదిలిపెట్టవద్దు.