డనాటర్ కోటలోంచి కిరీటం కాపాడిన పేరు ఎవరికి దక్కాలి?

సముద్రంగాలి:
పోయిన వారం స్కాట్లాండ్‌లో స్టోన్‌హేవెన్ వెళ్లాం, అబర్డీన్ నుంచి రైల్లో 20 నిమిషాల్లోపే. హార్బర్ దగ్గర్నుంచి గట్టు మీద నడుచుకుంటూ డనాటర్ కోటకి పోయాం, సముద్రంలోకి పొడుచుకొచ్చిన బండ మీద కోట, చూస్తే గుండె ఆగిపోద్ది. 1651లో ఇంగ్లాండ్ సేనాని క్రామ్‌వెల్ సైన్యం వస్తుంటే స్కాట్లాండ్ రాజుల కిరీటం, రాజదండం, ఖడ్గం ఇక్కడే దాచారు. చివరికి కోట లొంగిపోయింది కానీ అవి మాత్రం దొరకలేదు. ఆ గొప్పతనం కోట గవర్నర్ జార్జ్ ఒగిల్వీదే అంటాడు మా ఫ్రెండ్. నా దృష్టిలో కిన్నెఫ్ ఊరి పాస్టరమ్మ క్రిస్టియన్ ఫ్లెచర్ గారిదే. ముట్టడి జరుగుతుండగానే మూడు విడతలుగా సామాన్ల మూటల్లో పెట్టి ఇంగ్లీషు సైనికుల మధ్య నుంచే మోసుకొచ్చానని 1664లో ఆవిడే చెప్పారు. పట్టుబడితే ప్రాణం పోయేది కదా?

కోటలపిచ్చి:
మీ ఫ్రెండ్ చెప్పిందే కరెక్ట్ అండీ. కొద్దిమంది మనుషులతో 1651 సెప్టెంబర్ నుంచి 1652 మే 24 దాకా ఒగిల్వీ నిలబడ్డాడు. ముందే తలుపులు తీసేసి ఉంటే పాస్టరమ్మ వెళ్లేసరికి లోపల కిరీటం ఉండేదా? లొంగిపోయాక కిరీటం ఎక్కడుందో చెప్పమని ఆయన్నీ ఆయన భార్యనీ ఖైదు చేశారు, అయినా వాళ్లు నోరు విప్పలేదు. పైగా మూటల కథ ఒక్కటే లేదు, తాడు కట్టి కొండ మీంచి దించితే నాచు ఏరుకునే దానిలా వచ్చిన పనిమనిషి బుట్టలో వేసుకెళ్లిందని ఇంకో కథ కూడా ఉంది.

సముద్రంగాలి:
ఏ దారిన బయటికొచ్చినా చేరింది పాస్టర్ గారింటికే కదండీ. మొదట మంచం కాళ్ల దగ్గర పెట్టుకున్నారు, తర్వాత చర్చిలో నేల తవ్వి పూడ్చారు. కిరీటం, దండం ప్రసంగ వేదిక ముందున్న రాతి పలక కింద, ఖడ్గం పడమటి వైపు బల్లల దగ్గర. ఆదివారం ఆదివారం ఊరంతా దాని మీదే కూర్చుని ప్రార్థన చేసుకునేది, తేమకి పాడవకుండా మొగుడూ పెళ్లాం రాత్రిళ్లు తవ్వి తీసి ఆరబెట్టి మళ్లీ పూడ్చేవాళ్లు, ఇలా 1660 దాకా! ఎనిమిదేళ్లండీ.

భీమిలిబుల్లోడు:
మరి కోట సొంతదారులైన కీత్ కుటుంబం సంగతో? పాస్టరమ్మ భర్త, పాస్టర్ జేమ్స్ గ్రేంజర్ ఎక్కడ పూడ్చారో 1652 మార్చి 31న ఉత్తరం రాసి ఇచ్చింది ఆ ఇంటి పెద్దావిడ కౌంటెస్ గారికే, అంటే ఆవిడకి మొత్తం తెలుసు. ఆవిడ చిన్న కొడుకు జాన్ కిరీటాన్ని ఫ్రాన్స్ పట్టుకుపోయాడని పుకారు పుట్టించడం వల్లే కదా వెతుకులాట తగ్గింది.

సముద్రంగాలి:
పుకారు ఉపయోగపడింది, కాదనను బ్రో. కానీ 1660లో రాజు రెండో చార్లెస్ తిరిగొచ్చాక జాన్‌కి నైట్ మారిషల్ పదవి, తర్వాత 1677లో ఎర్ల్ ఆఫ్ కింటోర్ బిరుదు. ఒగిల్వీకి బారోనెట్ బిరుదు. పాస్టరమ్మకి 2000 మెర్కుల (అప్పటి స్కాట్లాండ్ డబ్బు) బహుమానం ప్రకటించి ఊరుకున్నారు. సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టు లేదూ?

కోటలపిచ్చి:
జాన్ విషయంలో మీతోనే ఉన్నా. ఒగిల్వీని మాత్రం వదలను. కిన్నెఫ్ పాత చర్చికి వెళ్లి చూడండి, గ్రేంజర్ దంపతుల స్మారకమూ ఉంది, ఒగిల్వీదీ ఉంది.

సముద్రంగాలి:
ఈసారి ఎండ కాస్తే కిన్నెఫే వెళ్తాం, ముందు ఆ వేదిక దగ్గర నేల చూడాలి నాకు.