పెళ్లి గుర్రాల కోసం 14 అడుగుల లారీ: ఏమేం మార్పించాలి?

ప్రశ్న (భీమిలి నుంచి)

అందరికీ నమస్కారం. మా దగ్గర మూడు గుర్రాలున్నాయి. రెండు కాఠియావాడీవి, ఒకటి మార్వాడీ ఆడగుర్రం. పెళ్లి ఊరేగింపులకి విజయనగరం, అనకాపల్లి, ఒక్కోసారి కాకినాడ దాకా పంపుతాం. ఇన్నాళ్లూ అద్దె బండే. మొన్న దింపేటప్పుడు ఆడగుర్రం తడిసిన ఇనుప రేకు మీద జారి ముందు మోకాళ్లు రెండూ చెక్కుకుపోయాయి. అప్పట్నుంచి బండి చూస్తేనే వెనక్కి లాగుతోంది. సొంత బండి ఉంటే మంచిదని సెకండ్ హ్యాండ్‌లో ఓ 14 అడుగుల ఓపెన్ బాడీ ఐషర్ బేరమాడాను. మూడూ పడతాయా? ముందు ఏ పని మొదలుపెట్టాలి? ముహూర్తాలు లేని నెలల్లో అదే బండికి సరుకు కిరాయిలు తోలుకోవచ్చా?

జవాబు (గాజువాక ఆటోనగర్, లారీ బాడీ పని)

అన్నా, వెల్డింగ్ మిషన్ ముట్టుకోకముందే కాగితాల సంగతి తేల్చుకో. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్.సి.లో ఉన్న వివరాలు మారేలా బాడీ మార్చాలంటే ముందు అనుమతి ఉండాలి. పశువులు తోలే బండ్లకి 2015లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 125ఇ అని విడిగా చేర్చారు. దాని ప్రకారం ఒక్కో గుర్రానికి 2.25 చదరపు మీటర్ల చోటు, మధ్యలో శాశ్వతమైన అడ్డులు ఉండాలి. అలా మార్చిన బండికి ఆర్.టి.ఓ. ప్రత్యేక లైసెన్సు ఇస్తారు, అందులో వేరే సరుకు వేయకూడదు. కాబట్టి కిరాయిల ఆలోచన వదిలేయ్. డ్రాయింగ్ గీయించి బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారికి ఒకసారి చూపించాకే పని మొదలుపెట్టు. ఇన్సూరెన్సు వాళ్లకీ రాతపూర్వకంగా చెప్పు, లేకపోతే రేపు క్లెయిమ్ దగ్గర టెన్షన్.

ఇక చోటు లెక్క. 2.25 చదరపు మీటర్లంటే 24 చదరపు అడుగుల పైచిలుకు. లోపల వెడల్పు ఆరున్నర అడుగులనుకుంటే 14 అడుగుల బాడీ 91 చదరపు అడుగులు. కాగితం మీద మూడూ పడతాయి. కానీ అంత వెడల్పులో గుర్రాన్ని నిటారుగా అడ్డంగా నిలబెడితే మోర గోడకి తగులుతుంది. ఏటవాలుగా నిలబెట్టాలి, అలా నిలబెడితే రెండు మూలలు వృథా అవుతాయి. నన్నడిగితే ఈ బండిలో రెండే. మూడూ ఒకేసారి వెళ్లాల్సిందేనంటే 17 అడుగుల బండి చూసుకో. బయానా ఇవ్వకపోతే ఇప్పటికీ మించిపోయింది లేదు.

మొదట డబ్బు పెట్టాల్సింది నేల మీద, ర్యాంపు మీద. రంగులు, అద్దాలు, పేర్లు తర్వాత చూసుకోవచ్చు. చెకర్డ్ ప్లేట్ (గళ్లు తేలిన ఇనుప రేకు) వద్దే వద్దు. నాడా కొట్టిన డెక్కకి తడి ప్లేటు మీద పట్టు దొరకదు, మీ గుర్రం జారింది కూడా బహుశా అందుకే. గట్టి చెక్క పలకలు సన్నటి సందులతో పరిచి, వాటి మీద పాడిపశువుల కొట్టాల్లో వేసే మందపాటి రబ్బరు మ్యాట్లు బిగించు. మూత్రం నిలవకుండా నేల వెనక్కి కొంచెం వాలుగా ఉండాలి. మ్యాట్లు నెలకోసారైనా ఎత్తి కింద చెక్క చూడు. అసలే మనది ఉప్పు గాలి, దానికి మూత్రం తోడైతే ఛాసీ మీద నేలని మోసే అడ్డ ఇనుప దూలాల్ని (క్రాస్ మెంబర్లు) తుప్పు త్వరగా తినేస్తుంది.

ర్యాంపు పొడవు దగ్గరే అందరూ పిసినారితనం చూపిస్తారు. బండి నేల మూడున్నర అడుగుల ఎత్తులో ఉంటే 25 డిగ్రీల వాలుకి ఎనిమిదిన్నర అడుగులు కావాలి, 20 డిగ్రీలకి పది అడుగుల పైన. పదే పెట్టించు. పైన రబ్బరు, దాని మీద అడుగుకొకటి చొప్పున అడ్డ పట్టీలు, రెండు పక్కలా నడుమెత్తు గేట్లు. కింద ఖాళీగా ఉండి డబడబ మోగే ర్యాంపు ఎక్కడానికి గుర్రం భయపడుతుంది, అందుకని చెక్క మందంగా వేయించు. స్ప్రింగులు బిగిస్తే ఒక్కరే ఎత్తి మూసేయొచ్చు.

జవాబు (పశువైద్యుడు, విశాఖ)

పై జవాబు చాలా బాగుంది. దానికి కొంచెం కలుపుతాను. 1978 పశు రవాణా నిబంధనల్లో గుర్రాలకి విడిగా ఒక భాగమే ఉంది. గుర్రానికీ గుర్రానికీ మధ్య కనీసం 8 సెంటీమీటర్ల లావు వెదురు వాసం, వెనక రెండు గట్టి అడ్డకర్రలు ఉండాలని, ఎదురొచ్చే వాహనాలు చూసి బెదరకుండా తలలు ఎడమవైపు పెట్టాలని, వేగం గంటకి 35 కిలోమీటర్లు దాటకూడదని అందులో ఉంది. అంటే కాకినాడకి ఐదు గంటల పైమాటే, ముహూర్తం చూసుకుని ముందే బయల్దేరండి. ప్రయాణానికి పనికొస్తుందని పశువైద్యుడి సర్టిఫికెట్ కూడా బండిలో ఉండాలి.

మధ్య అడ్డు నేల దాకా దించకండి. బండి ఊగినప్పుడు గుర్రం కాళ్లు ఎడం చేసుకుని నిలదొక్కుకుంటుంది, కింద చోటు లేకపోతే పక్కకి ఒరిగిపోతుంది. తల పైకి బిగించి కట్టడం అంతకంటే ప్రమాదం. తల దించితేనే దాని శ్వాసనాళంలో చేరిన దుమ్ము, కఫం బయటికొస్తాయి. గంటల తరబడి తల ఎత్తే ఉంచితే ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంటుంది, ప్రాణం మీదికీ రావచ్చు. తాడు కాస్త వదులుగా, ఒక్క లాగుకి ఊడిపోయే ముడితో కట్టండి. ఎండుగడ్డి వల కూడా మరీ పైన వద్దు. గడ్డి మీద కొంచెం నీళ్లు చల్లితే దుమ్ము లేవదు.

విశాఖలో అసలు శత్రువు ఎండ కంటే ఉక్క. చెమట ఆరితేనే గుర్రం ఒళ్లు చల్లబడుతుంది, గాలిలో అంత తేమ ఉంటే అది ఆరదు. పైకప్పు ఒట్టి రేకు కాకుండా లోపల థర్మోకోల్ లాంటి పొర, బయట తెల్ల రంగు వేయించండి. రెండు పక్కలా గుర్రం వీపుకంటే పైన గాలి తలుపులు ఉండాలి. లోపల ఎత్తు ఏడున్నర అడుగులైనా ఉండాలి. సైలెన్సర్ పొగ లోపలికి రాకుండా చూసుకోండి. వేసవిలో రాత్రిపూటే కదలండి, బండిని ఎండలో ఆపి భోజనాలకి వెళ్లకండి.

ఒడిశా వైపు పెళ్లిళ్లకీ ఒప్పుకుంటుంటే గ్లాండర్స్ పరీక్ష సంగతి ముందే మీ పశువైద్యశాలలో అడగండి. అది గుర్రాల నుంచి మనుషులకీ అంటుకునే జబ్బు. దానికి హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంలో పరీక్ష చేస్తారు. రిపోర్టు రావడానికి సమయం పడుతుంది కాబట్టి చివరి వారంలో పెట్టుకోవద్దు.

ప్రశ్న (భీమిలి నుంచి)

ఇద్దరికీ చాలా థాంక్సండీ. 14 అడుగులది వద్దని చెప్పేశాను, 17 చూస్తున్నాను. ఇంకొక్క మాట. భయపడిన గుర్రాన్ని మళ్లీ ఎక్కించేదెలా? వెనక నుంచి కొట్టి తోలమంటున్నారు కొందరు. నాకు మనసొప్పడం లేదు.

జవాబు (మధురవాడ, గుర్రాల పెంపకం)

కొట్టొద్దు బాబూ, భయం రెట్టింపవుతుంది. బండి తయారయ్యాక కొట్టం ముందే నిలిపి, ర్యాంపు దించి వదిలెయ్. రోజూ దాణా ర్యాంపు మొదట్లో పెట్టు. అది తింటున్న కొద్దీ గిన్నె పైకి జరుపుతూ పో. లోపల చీకటిగా ఉంటే అడుగు పెట్టదు, ముందు వైపు లైటు వేసుంచు. నదురూ బెదురూ లేని గుర్రాన్ని ముందు ఎక్కిస్తే రెండోది దాని వెనకే వస్తుంది. లోపల నిలబడి తినడం అలవాటయ్యాక ఇంజను స్టార్ట్ చేసి ఊరికే ఉంచు. తర్వాత తగరపువలస దాకా ఒక చుట్టు తిప్పి తీసుకురా.

డ్రైవరు ముఖ్యం. సరుకు లారీ తోలినట్టు సడన్ బ్రేకులు వేసేవాడు వద్దు. లీఫ్ స్ప్రింగులు టన్నుల బరువుకి చేసినవి, రెండు మూడు గుర్రాల బరువుకి అవి దిగవు, గుంత తగిలితే దెబ్బంతా కాళ్లకే. అనకాపల్లి వైపు వెళ్లాలంటే ఊళ్లోంచి హనుమంతవాక, మద్దిలపాలెం సిగ్నళ్ల మీదుగా వద్దు. ఆనందపురం నుంచి పెందుర్తి, సబ్బవరం మీదుగా హైవే పట్టుకో, మాటిమాటికీ బ్రేకు పడదు. తాగే నీళ్లు ఇంటి నుంచే డబ్బాల్లో పట్టుకెళ్లు. కొత్త నీళ్లు ముట్టకపోతే కొంచెం బెల్లం కలుపు, కానీ ఆ రుచి ఇంటి దగ్గరే నాలుగు రోజుల ముందు నుంచి అలవాటు చెయ్.