పాత సైట్లలో కొలిచే పద్ధతి మార్చాలా, వద్దా?

ఆకురాలుకాలం:
మా నెట్‌వర్క్‌లోని అటవీ సైట్లన్నీ వచ్చే ఏడాది నుంచి రాలిన ఆకును నెలకోసారే, చెట్ల కింద కట్టిన వలల్లోంచి తీసి తూకం వేయాలని ప్రతిపాదన వచ్చింది. మేం ఇరవై రెండేళ్లుగా పదిహేను రోజులకోసారి తీస్తున్నాం. అన్ని సైట్లనూ పోల్చాలంటే పద్ధతి ఒకటే ఉండాలి, మనుషులు తక్కువున్న చోట నెలకోసారే వీలవుతుంది అంటున్నారు. నేను ఒప్పుకోను. వర్షాకాలంలో నెల రోజులు వలలో నానిన ఆకుని ఎప్పుడైనా తీశారా? పైన నాలుగు ఆకులు బాగానే కనిపిస్తాయి, కింద చెయ్యి పెడితే నల్లగా జారిపోతుంది, ఈనెలే చేతికొస్తాయి. దాన్ని ఆరబెట్టి తూచి ‘ఈ నెల ఆకు తక్కువ రాలింది’ అని రాస్తామా? పదేళ్ల తర్వాత ఎవరో ఆ గ్రాఫ్ చూసి అడవికి ఏదో అయిందంటారు. ఆకు కుళ్లింది మా వలలోనే అని అప్పటికి ఎవరికి గుర్తుంటుంది?

లెక్కలపిట్ట:
ప్రతి సైటు వాళ్లూ మాది ప్రత్యేకం అనే అంటారండీ. ఒక చోట పదిహేను రోజులు, ఇంకో చోట నెల, మూడో చోట వల సైజే వేరు. వీటిని కలిపి ఒక్క ప్రశ్నకి జవాబు తీయాలని కూర్చుంటే ఆరు నెలలు ఫైళ్లు సరిచేయడానికే పోయాయి నాకు. అమెరికాలో నియాన్ అనే పర్యావరణ పరిశీలన నెట్‌వర్క్ చూడండి, 81 సైట్లు, ముప్ఫై ఏళ్ల ప్రణాళిక, పద్ధతులు అన్ని చోట్లా ఒకటే. నెట్‌వర్క్ అంటే అది.

మొలక:
ఫాలో అవుతున్నా.

వాగుగట్టు:
అమెరికాలోని హబ్బర్డ్ బ్రూక్ పరిశోధన అడవి సంగతి గుర్తు చేస్తాను. 1963లో బోర్మన్, లైకెన్స్ అనే శాస్త్రవేత్తల బృందం అక్కడ వాన నీరు, వాగు నీరు పట్టి పరీక్షించడం మొదలుపెట్టింది ఆమ్ల వర్షం కోసం కాదు. అడవిలోకి ఏ ఖనిజం ఎంత వస్తోంది, వాగులో ఎంత పోతోంది అని లెక్క కట్టడానికి. తీరా చూస్తే వానే ఆమ్లంగా ఉంది. 1990లో అమెరికా వాయు కాలుష్య చట్టాన్ని సవరించాక వానలో ఆమ్లం తగ్గుతోందని ధైర్యంగా చెప్పగలిగారంటే, అదే లోయలో ఏళ్ల తరబడి ఆపకుండా పట్టిన నీళ్ల వల్లే. మధ్యలో పద్ధతి తారుమారై ఉంటే తగ్గింది ఆమ్లమా, మార్పు మన కొలతదా అని ఇంకా కొట్టుకుంటూ ఉండేవాళ్లం.

లెక్కలపిట్ట:
ఆ ఒక్క లోయ కథ అందరూ చెప్తారు. అక్కడ జరిగింది అక్కడికే పరిమితమా, అన్ని చోట్లా జరుగుతోందా అని ఆ లోయ ఒక్కటే చెప్పలేదు కదా. 1980లో అమెరికాలో ఆరు సైట్లతో ఎల్‌టీఈఆర్ అనే దీర్ఘకాల పర్యావరణ పరిశోధన నెట్‌వర్క్ మొదలుపెట్టింది ఇలాంటి ప్రశ్నల కోసమే. అంతెందుకు, ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1856 నుంచి నడుస్తున్న పార్క్ గ్రాస్ అనే గడ్డి మైదానం ప్రయోగంలో కూడా 1960లో గడ్డి దిగుబడి కొలిచే పద్ధతి మార్చారు. కొంపేం మునగలేదు.

ఆకురాలుకాలం:
పార్క్ గ్రాస్ నా వైపు సాక్ష్యం. అంతకుముందు గడ్డి కోసి మడిలోనే ఎండబెట్టి తూచేవాళ్లు, ఎండేటప్పుడు కొంత రాలి పోయేది. తర్వాత యంత్రంతో కోసి పచ్చిగా ఉండగానే తూచి, అందులోంచి ఎండు బరువు లెక్కేశారు. అందుకే 1960 ముందు అంకెల్నీ తర్వాత అంకెల్నీ ఈరోజుకీ నేరుగా కలిపి గీత గీయలేరు.

చిరుజల్లు:
ఆకు ఎన్ని డిగ్రీల దగ్గర ఆరబెడుతున్నారు? మా దగ్గర 65, పక్క సైట్‌లో 80. ముందు అది తేల్చకుండా నెలా, పదిహేను రోజులా అంటే ఏం లాభం.

లెక్కలపిట్ట:
ఒక ఏడాది రెండు పద్ధతులూ పక్కపక్కనే చేస్తే, ఒక పద్ధతి అంకెని రెండో దానికి మార్చే కరెక్షన్ ఫ్యాక్టర్ వస్తుంది. అయిపోయె.

ఆకురాలుకాలం:
ఒక ఏడాదా? ఆకు కుళ్లేది తడిని బట్టి. వానలు దంచిన ఏడాది ఫ్యాక్టర్ తీసి కరువు ఏడాదికి వేస్తారా? కనీసం మూడు నాలుగేళ్లు కావాలి. ఆ రెండింతల పని చేసేది ఎవరు? ఇదంతా అడవిలో అడుగు పెట్టని వాళ్లు రాసే ప్రతిపాదన.

లెక్కలపిట్ట:
అడవిలో అడుగు పెట్టలేదని మీకెవరు చెప్పారు? అసలు విషయం నేను చెప్తా. మీలాంటి పాత సైట్ల భయం పద్ధతి గురించి కాదు. అందరూ ఒకే ఫార్మాట్‌కి వస్తే డేటా మీ బీరువాలోంచి బయటికి వస్తుంది, అదీ భయం. నా పీహెచ్‌డీలో రెండేళ్లు ఒక సైటు డేటా కోసం మెయిల్స్ పెట్టాను. ఇస్తాం, చూస్తాం, నోట్‌బుక్కులు ఎక్కించలేదు. చివరికి ఆ అధ్యాయమే తీసేశాను. జనం డబ్బుతో కొలిచింది జనానికి అందకపోతే ఎన్నేళ్లు కొలిచి ఏం లాభం?

ఆకురాలుకాలం:
సరే, నేనూ చెప్తా. పదకొండేళ్లు నేను తూచిన అంకెలతో ఒక పెద్ద పేపర్ వచ్చింది. పద్దెనిమిది మంది రచయితలు. అందులో నేను లేను, మా వలలు కట్టిన ఇద్దరూ లేరు. చివర కృతజ్ఞతల్లో ‘ఫీల్డ్ సిబ్బంది’ అని రెండు ముక్కలు. డేటా అందరికీ ఇవ్వాలి, కాదనను. అది గాల్లోంచి ఊడిపడినట్టు వాడుకుని, ఇప్పుడు మీరు కొలిచే తీరు పనికిరాదు మార్చుకోండి అంటే మాత్రం కడుపు మండుతుంది.

వాగుగట్టు:
ఈ మాట మొదటి పోస్టులోనే రాసి ఉంటే సగం గొడవ తగ్గేది. ఆకుల తడి గురించి ఇంతసేపు కొట్టుకున్నాం.

ఆకురాలుకాలం:
తడి సంగతి కూడా నిజమే, దాన్ని పక్కన పెట్టకండి.

లెక్కలపిట్ట:
పేర్ల విషయంలో మీరన్నది న్యాయం. నేను రాసిన ఒక పేపర్లో కూడా అలాగే జరిగింది, అప్పుడు తట్టలేదు. కానీ ఒకే పద్ధతి కావాలన్న మాట మీద నేను మారలేదు.

ఆకురాలుకాలం:
అయితే ఒక్కటి చెప్పండి. ఆ ప్రతిపాదన బడ్జెట్‌లో రెండు పద్ధతులూ కలిపి నడిపే ఏళ్లకి అదనపు మనిషి జీతం ఉందా?

లెక్కలపిట్ట:
ఇప్పుడే మళ్లీ చూశాను. లేదు. డేటా పోర్టల్‌కి ఉంది, మీటింగులకి ఉంది.

ఆకురాలుకాలం:
అది చేర్చి పంపమనండి, అప్పుడు కూర్చుని మాట్లాడదాం. ఈలోగా ఎల్లుండి మా తీసే రోజు, పదిహేను రోజుల లెక్క ప్రకారమే వెళ్తున్నాను.