1354 చట్టం కట్టు రైతులకు నిజంగా అక్కరకొచ్చిందా?

ఇంగ్లండ్ రాజు ఒప్పుకున్న హక్కుల పత్రం మాగ్నా కార్టా (1215) 39వ క్లాజు అక్రమ నిర్బంధం నుంచి కాపాడింది ‘స్వేచ్ఛ గల మనిషి’ని. ప్రభువు భూమి వదిలి పోలేని కట్టు రైతులు ఆ మాటలోకి రారు. 1225 ప్రతిలో అది 29వ క్లాజు, అక్కడా అంతే. మూడో ఎడ్వర్డు రాజు కాలంలో 1354 చట్టం మాత్రం ‘ఏ హోదా, ఏ స్థితిలో ఉన్నవాణ్ణయినా’ చట్టప్రకారం విచారించకుండా ఖైదు చేయకూడదంది. నా దృష్టిలో అసలు మలుపు ఇదే.

మూడింటినీ అనువాదంలో చదివాను. నాకు దొరికిన న్యాయచరిత్ర పుస్తకాలన్నీ ఇక్కణ్ణుంచి నేరుగా 1627 నాటి అయిదుగురు నైట్ల కేసుకి (రాజుకు బలవంతపు అప్పు ఇవ్వనన్నందుకు ఖైదైన అయిదుగురు కులీనుల కేసు) దూకేస్తున్నాయి. ఆన్‌లైన్‌లో వెతికినా అదే వస్తోంది. వాళ్లేమో ఆస్తిపరులు!

1354 నుంచి 1400 లోపు, ఒక కట్టు రైతు ఈ చట్టాన్ని చూపి చెర నుంచి బయటపడిన కోర్టు కేసు ఏదైనా మీకు తెలుసా?