జడ్జి సరిగా విడమరచి చెప్పకపోతే జ్యూరీ తీర్పు కొట్టేస్తారా?

నరసాపురం, రిటైర్డ్ బెంచ్ క్లర్కు:
మా మనవరాలు ఇంగ్లండులో లా చదువుతోంది. మొన్న ఫోన్లో 2007 నాటి బ్రీ కేసు చెప్పింది. ఇద్దరూ బాగా తాగి ఉన్నారు. తనకి ఇష్టం లేదని ఆమె, ఇష్టమేనని అతను. జ్యూరీ, అంటే నేరం జరిగిందో లేదో తేల్చడానికి కూర్చోబెట్టిన మామూలు జనం, రేప్ అని తేల్చింది, అప్పీలు కోర్టు కొట్టేసింది. తాగిన మనిషికి సమ్మతి చెప్పే శక్తి ఎప్పుడు పోతుందో జడ్జి జ్యూరీకి సరిగా విడమరచి చెప్పలేదట.

నేను ముప్పై రెండేళ్లు కోర్టులో చేశాను. ఇలాంటి కేసుల్లో పగిలిన గాజులు కాగితం పొట్లంలో, లక్క సీలుతో వచ్చేవి. చీటీ మీద ఎం.ఓ. (సాక్ష్యంగా పెట్టిన వస్తువు) నంబరు వేసేది నేనే. ఒకసారి విప్పితే మూడు ఆకుపచ్చ ముక్కలు, వాటికి ఎండిన చేలో మట్టి. డిఫెన్సు లాయరు వాటిని బల్ల మీద దొర్లించి, "చేతుల నిండా గాజులున్నాయన్నావు, మూడేనా పగిలింది?" అన్నాడు. ఆ పిల్ల "అవునండి" అంది. డిపొజిషన్‌లోకి, అంటే కోర్టు రాసుకునే సాక్షి వాంగ్మూలంలోకి, ఎక్కింది మాత్రం "మూడు గాజులు మాత్రమే పగిలినవన్న మాట వాస్తవమే" అని.

మన దగ్గర అప్పీలంటే సాక్ష్యమంతా మళ్లీ చదువుతారు. అక్కడ జడ్జి నోటి మాట పట్టుకుని కొట్టేయడమేంటండి? మనవరాలితో వాదించి ఓడిపోయి ఇక్కడ అడుగుతున్నాను.

కాకినాడ, అడ్వొకేటు:
బాబాయ్ గారూ, మన జడ్జి ఏ సాక్షిని ఎందుకు నమ్మారో తీర్పులో రాస్తారు. తప్పుంటే అక్కడే దొరుకుతుంది. జ్యూరీ 'గిల్టీ' అని ఒక్క ముక్క చెప్పి లేచిపోతుంది, కారణం అడగడానికి లేదు. అప్పీలు లాయరు ఇంకేం పట్టుకుంటాడు, రికార్డుకెక్కిన జడ్జి మాటలు తప్ప? తాగినా నిర్ణయించుకునే స్థితిలో ఉండి ఒప్పుకుంటే అది సమ్మతే. కానీ స్పృహ తప్పడానికి చాలా ముందే ఆ స్థితి పోవచ్చు, అప్పుడు సమ్మతి లేనట్టే. బ్రీ కేసులో పై కోర్టు చెప్పింది ఇదే.

అలాగని ప్రతిసారీ కొట్టేయరు. 1975లో అక్కడిదే మోర్గన్ రేప్ కేసు చూడండి. ఆమెకి ఇష్టమేననుకున్నామని నిందితులంటే, ఆ నమ్మకం సబబుగా ఉండాలని జడ్జి జ్యూరీకి చెప్పాడు. అది తప్పు, నిజంగా నమ్మితే చాలు అంది అప్పట్లో అక్కడి పై కోర్టయిన హౌస్ ఆఫ్ లార్డ్స్. అయినా శిక్ష ఉంచేసింది, ఎలా చెప్పినా ఆ కథ ఏ జ్యూరీ నమ్మదని! తర్వాత అక్కడ 2003 లైంగిక నేరాల చట్టం వచ్చి నమ్మకం సబబుగా ఉండాల్సిందే అంది.

భీమవరం నుంచి:
మనకీ జ్యూరీ ఉండేది కదండి. భార్య ప్రియుణ్ణి కాల్చి చంపిన నేవీ అధికారి నానావతి కేసులో జ్యూరీ 8-1తో నిర్దోషి అన్నారు, జడ్జే ఒప్పుకోక హైకోర్టుకి పంపాడు. అక్కడా జడ్జి జ్యూరీకి చెప్పినదాంట్లోనే తప్పులు పట్టారు. అది హత్య కేసనుకోండి.

రాజమండ్రి, లా లెక్చరర్:
గాజుల సంగతి చదివాక ఊరుకోలేకపోయాను. పెనుగులాడిన గుర్తులు లేవు కాబట్టి ఒప్పుకున్నట్టే అనుకునే తప్పు, జ్యూరీ లేకపోతే జరగదా? మథుర అనే ఆదివాసీ అమ్మాయి మీద పోలీసు స్టేషన్లో అత్యాచారం జరిగిందన్న కేసులో ఒంటి మీద గాయాల్లేవని చెప్పి 1978లో ఇద్దరు పోలీసుల్ని వదిలేసింది సాక్షాత్తూ సుప్రీంకోర్టు. ఒంటితో ఎదిరించనంత మాత్రాన సమ్మతించినట్టు కాదని 2013లో చట్టంలోకి ఎక్కించారు, ఇప్పుడది ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్‌లో ఉంది. ఇంగ్లండులో అయితే గాయాల్లేవని సమ్మతి అనుకోవద్దని జడ్జే జ్యూరీకి చెప్తున్నాడు. ఇంతకీ ఆ మూడు ముక్కల కేసు ఏమైంది మాస్టారూ?

నరసాపురం, రిటైర్డ్ బెంచ్ క్లర్కు:
కొట్టేశారమ్మా. పైకి వెళ్లలేదు. అప్పీలు గడువు దాటాక ఆ పొట్లం నా చేతుల మీదే పోయింది. రిజిస్టరులో "ధ్వంసం చేయడమైనది" అని రాసి సంతకం పెట్టాను.